నాగూర్ మేస్త్రి చూపుడు వేలు

ఆంధ్రదేశంలో రాళ్ళ మీదా గోడల మీదా రాయించుకున్నవాళ్ళకు కొదవ లేదు. రాజులు తాము చేసిన దానాలు చెక్కించారు. దానాలు పుచ్చుకున్నవాళ్ళు తమ వంశవృక్షాలు చెక్కించారు. ఇచ్చేదీ పుచ్చుకునేదీ లేనివాళ్ళు ఎన్నికల రోజుల్లో పరాయివాళ్ళ ప్రహరీల మీద రంగులు పూశారు. వీటన్నిటినీ చదివి పెట్టడానికి పండితులున్నారు, పత్రికలున్నాయి, అప్పుడప్పుడూ శాలువాలు కూడా ఉన్నాయి. విజయవాడ ఆటోనగర్‌లో, పాత టైర్ల కొట్ల వెనక సందులో, నాగూర్ మేస్త్రి షెడ్డు పడమటి గోడ మీదున్న శాసనాలను మాత్రం ఇంతవరకు ఏ పండితుడూ పట్టించుకోలేదు. తెల్ల సున్నం మీద వేలెడు పొడవున నల్లటి నిలువు గీతలు. ఒక్కో గీత కింద పెన్సిలుతో కారు నంబరు, తేదీ. ముప్పై నాలుగేళ్ళ చరిత్ర.

ఈ శాసనాలకు మూలం ఒక అలవాటు. షెడ్డులోకి ఏ కారు వచ్చినా నాగూర్ ముందుగా యజమాని ముఖం చూడడు. బండి వెనక్కి వెళతాడు. సైలెన్సర్ గొట్టం చల్లారేదాకా చేతులు కట్టుకుని నిలబడతాడు. (తొంభై నాలుగులో ఒకసారి నిలబడకపోవడం వల్ల పదిరోజులు కట్టుతో తిరిగాడు.) తరవాత కుడిచేతి చూపుడు వేలు గొట్టంలో పెట్టి, ఒక్క చుట్టు తిప్పి, బయటికి తీసి ఎండకేసి పట్టి చూస్తాడు. బొటనవేలితో నలుపుతాడు. వాసన చూస్తాడు. అప్పుడు నాలుగడుగులు వేసి ఆ మసిని గోడకు రాసి, చెవి వెనకనుంచి పెన్సిలు తీసి నంబరు వేసి, ఇదంతా అయ్యాక యజమాని వైపు తిరిగి, "రండి, కూర్చోండి. టీ తాగుతారా?" అంటాడు.

అలవాటు ఎలా పుట్టిందన్న విషయంలో పండితుల మధ్య, అంటే నాగూర్‌కూ ఆయన భార్య షహజాదికీ మధ్య, భేదాభిప్రాయం ఉంది. ఇంజిన్ కడుపులో ఏముందో గొట్టం చివర తెలుస్తుందనీ, ఆ జ్ఞానాన్ని భద్రపరచాలన్న ఉద్దేశంతోనే గోడను ఎంచుకున్నాననీ నాగూర్ అంటాడు. షెడ్డు పెట్టిన కొత్తలో చేతులు తుడుచుకోవడానికి పాత గుడ్డలు పట్టుకెళ్ళమంటే రోజూ మరిచిపోయేవాడనీ, అందుకే గోడకు తుడిచాడనీ షహజాది అంటుంది. రెండో వాదానికి ఆధారాలు బలంగా ఉన్నా, మొదటిదే ప్రచారంలో ఉంది.

ఎందుకంటే వేలు మాట తప్పేది కాదు. పావురాయి రంగు వస్తే లోపల ఆరోగ్యం. జిడ్డుగా నల్లగా వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. మఖమలు గుడ్డలా పొడిపొడిగా, దట్టంగా నల్లగా వస్తే లోపల కార్బన్ పేరుకుంది, హెడ్డు దించాల్సిందే. ఉయ్యూరు డాక్టరుగారూ చల్లపల్లి రైసు మిల్లువాళ్ళూ దారిలో ఉన్న యాభై షెడ్లు దాటుకుని ఈ వేలి కోసమే వచ్చేవాళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళను నాగూర్ గోడ దగ్గరికి తీసుకెళ్ళి ఒకే కారు గీతలు వరసగా చూపించేవాడు. మొదటి గీత బొగ్గులా ఉంటుంది. తరవాతది కాస్త తక్కువ. ఏళ్ళు గడిచేకొద్దీ పలచబడి, చివరికి పొగమంచులా ఉంటుంది. "చూశారా, మన చేతిలో పడ్డాక బండి ఎలా తేరుకుందో?" అనేవాడు. చూసినవాళ్ళు తల ఊపేవాళ్ళు. రాతపూర్వకమైన సాక్ష్యం ముందు ఎవరైనా ఏం చేస్తారు?

తల ఊపనిది ఒక్క ఆస్రా.

ఆస్రా నాగూర్ కూతురు. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా చేసి, ఎనికేపాడు వైపు ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌లో మూడేళ్ళు పనిచేసి, తండ్రికి నడుంనొప్పి వచ్చినప్పుడు వారం సెలవు పెట్టి షెడ్డుకొచ్చింది. ఆ వారం రెండేళ్ళయింది. వచ్చేటప్పుడు ఇంజిన్లోకి దూర్చి చూసే సన్నటి కెమెరా ఒకటి తెచ్చుకుంది. కొబ్బరి ఈనె లావున ఉంటుంది, చివర దీపం. ఫోనుకు తగిలిస్తే ఇంజిన్ లోపల ఉన్నదంతా ఫోనులో కనబడుతుంది. నాగూర్ దాన్ని పాముపిల్ల అనేవాడు. ఎవరైనా కస్టమరు ఉన్నప్పుడు ఆమె దాన్ని బయటికి తీస్తే, "వేలు చూసిందమ్మా" అనేవాడు. అక్కడితో ఆగిపోయేది.

పోయిన సంవత్సరం ఒకరోజు ఆమె అడిగేసింది.

"నాన్నా, ఈ షెడ్డులో నా మాట చెల్లేది ఎప్పుడు?"

"నా వేలు తప్పిన రోజున."

"తప్పితే?"

"ఒక్కసారి తప్పితే చాలు, షెడ్డు నీది. నేను స్టూలు మీద కూర్చుని టీ తాగుతా."

ఆస్రా నవ్వలేదు. ఆయన చెవి వెనకున్న పెన్సిలు తీసుకుని, గోడ మీద ఖాళీ ఉన్నచోట ఆ మాట ఉన్నదున్నట్టు రాసింది: వేలు ఒక్కసారి తప్పితే షెడ్డు ఆస్రాది. కింద తేదీ వేసింది. గోడ మీద రాసింది చెరపకూడదన్నది ఆ షెడ్డు నియమం. నియమం పెట్టింది నాగూరే.

ఇప్పుడు నవంబరు నెలాఖరు. పాత సర్వీస్ సెంటర్ వాళ్ళు గుంటూరులో కొత్త బ్రాంచికి సూపర్‌వైజరుగా రమ్మని ఆస్రాకు కబురు పెట్టారు. ఒకటో తారీఖులోగా జవాబు చెప్పాలి. ఆమె ఇంట్లో ఆ మాట ఒక్కసారే చెప్పి ఊరుకుంది. రెండోసారి చెప్పి ఉంటే నాగూర్ ఏదో ఒకటి అనేవాడు. ఊరుకోవడంతో ఆయనకు అనడానికేమీ దొరకలేదు. కూతురు వెళ్ళిపోతుందేమోనన్న బెంగ ఒకవైపు, తన వేలి పరువు ఇంకోవైపు. రెండూ దక్కే దారి లేదని ఆయనకు తెలుసు. తెలిసినా, దారి కోసం రోజూ సైలెన్సర్లలోనే వెతుకుతున్నాడు.

అలాంటి గురువారం పొద్దున శౌరయ్య మాస్టారు వచ్చారు.

మాస్టారు గుణదలలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ముప్పై అయిదేళ్ళు రోజూ ప్రార్థన గంటకు పిల్లల గోళ్ళు పరీక్షించిన మనిషి. ఆయనకు ఇరవయ్యేడేళ్ళ తెల్ల కారు ఒకటుంది. అది ఇంటి నుంచి చర్చికి, చర్చి నుంచి రైతుబజారుకు, అక్కడినుంచి ఇంటికి వెళుతుంది. ఇంకెక్కడికీ వెళ్ళదు. ఎండలో పెడితే రంగు పోతుందని నీడలో, నీడలో పెడితే కాకులు పాడుచేస్తాయని గుడ్డ కింద ఉంటుంది.

"ఏమంటోంది మాస్టారూ?" అంది ఆస్రా. నాగూర్ ఇంకా గొట్టం చల్లారడం కోసం చూస్తున్నాడు.

"దగ్గుతోందమ్మా. కాస్త ఎత్తు ఎక్కితే చాలు, గులకరాళ్ళ డబ్బా ఊపినట్టు చప్పుడు. తాళం తీసేశాక కూడా రెండు మూడు దగ్గులు దగ్గి గానీ ఆగట్లేదు. గంట కొట్టాక కూడా మాట్లాడే పిల్లాడిలాగా."

"ఎంత స్పీడులో వెళతారు?"

"ముప్పై." మాస్టారు నిటారుగా నిలబడ్డారు. "ఇరవయ్యేడేళ్ళలో ముప్పై దాటలేదు."

"ఏ గేర్లో?"

"టాప్ గేరే. కింది గేర్లు అరుస్తాయి. నాకు అరుపులు పడవు."

ఆస్రా తండ్రి వైపు చూసింది. ఇంజిన్‌కు వేడెక్కే అవకాశం ఇవ్వకుండా, ఉక్కిరిబిక్కిరి గేర్లో, ఇరవయ్యేడేళ్ళు నడిపితే ఏమవుతుందో ఆ సందులో టీ అమ్మేవాడు కూడా చెబుతాడు. కాలీ కాలని పెట్రోలు మసిగా మారి లోపల పొరలు పొరలుగా పేరుకుంటుంది. ఆ పొరలు నిప్పు కణికల్లా వేడిని పట్టుకుని ఉంటాయి. అందుకే తాళం తీసినా ఇంజిన్ రెండు దగ్గులు దగ్గుతుంది.

నాగూర్ చెవి కూడా ఆ మాటే చెప్పింది. కారు సందు మలుపు తిరిగినప్పుడే ఆయన చేతిలో టీ గ్లాసు ఆగింది. ఆ గులకరాళ్ళ చప్పుడు ముప్పై నాలుగేళ్ళుగా తెలిసిన చప్పుడు. కార్బన్, అని చెవి అంది.

వేలు పెట్టాడు. ఒక్క చుట్టు తిప్పాడు. తీశాడు.

పావురాయి రంగు. అది కూడా పిల్ల పావురాయి.

నలిపాడు. వాసన చూశాడు. ఎక్కడో పుల్లటి, నిమ్మకాయలాంటి వాసన తగిలి పోయింది. చెవి ఒకటి చెబుతోంది, వేలు ఇంకొకటి చెబుతోంది. పెద్దలు ఇద్దరూ తగవు పడితే మధ్యవర్తి గోడే. గోడ మీద ఈ కారువి ఇప్పటికి తొమ్మిది గీతలున్నాయి, తొమ్మిదిలో చివరి అయిదూ పలచటివే. నాగూర్ పదోది రాసి, నంబరు వేసి, ఇటు తిరిగాడు.

"రండి మాస్టారూ, కూర్చోండి. లోపల శుభ్రంగా ఉంది. కార్బన్ లేదు."

"లేదా?" అన్నారు మాస్టారు సంతోషంగా. పరీక్ష పాసైన పిల్లాడి తండ్రిలా ఉంది ఆయన ముఖం.

"మరి ఆ చప్పుడేంటి నాన్నా?" అంది ఆస్రా.

"పెట్రోలు. ఇప్పుడు పెట్రోల్లో చెరకు స్పిరిట్ కలుపుతున్నారుగా. పాత బండికి పడదు. వాసన కూడా వేస్తోంది. ఉయ్యూరులో చెరకు లారీల కింద పడుకుని పని నేర్చుకున్నవాణ్ణి, నాకు చెరకు వాసన తెలీదా?"

"ప్లగ్గు విప్పి కెమెరా పెడితే రెండు నిమిషాల పని."

"వేలు చూసిందమ్మా."

ఆస్రా పాముపిల్లను పెట్టెలో పెట్టేసింది. నాగూర్ ప్లగ్గులు మార్చి, అవి నిప్పురవ్వ వేసే టైమింగ్ కొంచెం వెనక్కి జరిపి బండి పంపించాడు. చప్పుడు కాస్త తగ్గింది. ఆ మధ్యాహ్నం అన్నం తింటూ ఆయన రెండుసార్లు, ఎవరూ అడక్కుండానే, "పెట్రోలే" అన్నాడు.

సోమవారం షెడ్డు తలుపులు తీసేసరికి తెల్ల కారు ముందే వచ్చి నిలబడి ఉంది. పక్కన మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు. తప్పు చేసిన విద్యార్థి కోసం ఆయన ఎప్పుడూ అలాగే నిలబడేవారట.

"నిన్న పూజకు ఆలస్యమయ్యాను మేస్త్రి గారూ. జీవితంలో మొదటిసారి. కొండ కింద ఎత్తు దగ్గర బండి ఎక్కనంది, దిగి తోయించాను. సరే, ఆవరణలో ఆపి, తాళం తీసి, జేబులో వేసుకుని, లోపలికెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నాను. బయట ఇంజిన్ ఇంకా దగ్గుతోంది. ఫాదర్ గారు ప్రసంగం ఆపి కిటికీలోంచి చూశారు. 'ఆ బండి కోసం కూడా ప్రార్థిద్దాం' అన్నారు. అందరూ నవ్వారు."

"మీరేం చేశారు?" అంది ఆస్రా.

"నేను ప్రార్థించానమ్మా. నాకు నవ్వు రాలేదు."

నాగూర్ ఈసారి బండి వెనక్కి వెళ్ళలేదు. వేలు జేబులో పెట్టుకుని, కూతురు వైపు తిరిగి, "ఆ పాముపిల్లను తియ్యి" అన్నాడు.

ప్లగ్గు విప్పారు. కెమెరా దిగింది. ఫోను తెర మీద ముందు చీకటి, తరవాత వెలుగు, ఆ వెలుగులో పాలు మాడిన గిన్నె అడుగు. అలాగే ఉంది. పిస్టన్ నెత్తి మీద నల్లగా, పెళుసుగా, పెచ్చులు పెచ్చులుగా. అంచుల్లో ఎర్రమట్టి రంగు. మాస్టారు కళ్ళజోడు సవరించుకుని, "ఇది నా బండి లోపలేనా?" అని అడిగారు. ఆస్రా తండ్రి ముఖం వైపు గానీ గోడ మీద పెన్సిలు రాత వైపు గానీ చూడలేదు. అది చూడకపోవడం నాగూర్ చూశాడు.

"హెడ్డు దించుదాం" అన్నాడు.

హెడ్డు దించడమంటే ఇంజిన్ నెత్తి మీది మూత తీయడం. చదివితే ఒక్క వాక్యం, చేస్తే ఒక్క పూట. నీళ్ళ గొట్టాలు, గాలి గొట్టం, పెట్రోలు గొట్టం, బెల్టు, వరస తప్పకుండా విప్పాల్సిన బోల్టులు. అన్నీ విప్పాక ఇద్దరూ చెరోవైపు పట్టి లేపి బల్ల మీద పెట్టారు. నాలుగు పిస్టన్లూ ఆకాశంకేసి చూశాయి. డీజిల్లో తడిపిన గుడ్డలు వాటి మీద పరిచి, మసి నానేదాకా కూర్చున్నారు. తరవాత గీకడం మొదలుపెట్టారు. వెదురు బద్దలతో. ఇనుప బ్లేడు పెడితే పని పావుగంటలో అయిపోతుంది, కానీ అల్యూమినియం మీద గీత పడుతుంది. గీత పడినచోటే రేపు మసి ముందుగా పట్టుకుంటుంది. ఈ సంగతి నాగూర్ ఆస్రాకు ఆమె స్కూలు రోజుల్లోనే చెప్పాడు. సర్వీస్ సెంటర్లో మూడేళ్ళున్నా వెదురు బద్ద చెక్కడం ఆమె మరిచిపోలేదు. ఆమె చెక్కిన బద్ద ఆయన చెక్కినదానికన్నా సన్నగా, సాపుగా ఉంది. నాగూర్ తన బద్ద పక్కన పెట్టి, అడక్కుండా ఆమెది తీసుకున్నాడు.

రెండు పిస్టన్లు ఆయన, రెండు ఆమె. సాయంత్రందాకా గీకారు. ఊడిన పెచ్చులు కాగితం మీద కుప్పబడ్డాయి. నాగూర్ ఒక పెచ్చు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. పొరలు. పదేళ్ళ కిందట ఈ హెడ్డు తనే దించాడు. అంటే ఇవన్నీ ఆ తరవాతవి. పదేళ్ళలో ఈ బండి అయిదుసార్లు వచ్చింది, అయిదుసార్లూ వేలు పావురాయి రంగు చూపించింది, అయిదుసార్లూ తను బాగుందన్నాడు. మొన్నటిదాంతో ఆరు. ఆరుసార్లూ చెవి ఏమంది? జ్ఞాపకం తెచ్చుకోవాలని చూశాడు. ఆఖరి మూడుసార్లు కచ్చితంగా ఏదో అంది. చెవికి గోడ మీద చోటు లేదు కాబట్టి ఆ మాట ఎక్కడా నమోదు కాలేదు.

మంగళవారం వాల్వులు బిగువుగా మూసుకునేలా నూరారు. మధ్యాహ్నం ఆస్రా హెడ్డు కింద పరిచే కొత్త గ్యాస్కెట్ కోసం స్పేర్ పార్టుల కొట్టుకు వెళ్ళినప్పుడు మాస్టారు వచ్చారు. మూత తీసిన ఇంజిన్లో నాలుగు పిస్టన్లకూ కొత్త పావలాల మెరుపు ఉంది. ఆయన కాసేపు చూసి సిగ్గుపడ్డారు.

"క్షమించాలి మేస్త్రి గారూ. బయటిదాకా శుభ్రం చేయగలిగాను గానీ లోపలిది నాకు తెలియలేదు."

"బయటిదంటే?"

"అదే, గొట్టం. మీరు వేలు పెడతారుగా."

నాగూర్ చేతిలో వెదురు బద్ద ఆగింది.

"మరిచిపోయారా? అప్పట్లో ఇది దించినప్పుడు మీ వేలు కాటుకలా అయింది. 'ఏంటి మాస్టారూ, పిల్లల గోళ్ళన్నీ చూస్తారు, మీ బండి గోళ్ళు చూసుకోరా?' అన్నారు. ఇక్కడ నలుగురు కూర్చుని ఉన్నారు. నవ్వారు. మీరు సరదాకే అన్నారు. కానీ న్యాయమైన మాట. అప్పటినుంచీ ఇక్కడికి తెచ్చే ముందు రాత్రి గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు, సీసాలు కడిగే బ్రష్షు పెట్టి లోపల మూరెడు దాకా తోముతాను. పొద్దున వచ్చేటప్పుడు మళ్ళీ మసి పడుతుందని ఆ మలుపులో ఆపి ఒకసారి గుడ్డతో తుడుస్తాను. పెద్దాయన వేలు పెట్టేచోటు కదా."

"నిమ్మకాయ సబ్బా?" అన్నాడు నాగూర్.

"అవునండీ. మీకెలా తెలుసు?"

నాగూర్ లేచి గోడ దగ్గరికి వెళ్ళాడు. తెల్ల కారు గీతలు పది. నాలుగు బొగ్గు, ఆరు పొగమంచు. బొగ్గుకూ పొగమంచుకూ మధ్య ఉన్న తేదీ ఆ పరాచికం ఆడిన రోజుది. బండి తేరుకోలేదు. మాస్టారు మర్యాద నేర్చుకున్నారు, అంతే.

ఆయన కళ్ళు మిగతా గోడ మీదికి పోయాయి. ఉయ్యూరు డాక్టరుగారి కారు: ముదురు, ముదురు, లేత, లేత. డాక్టరుగారూ శుభ్రమైన మనిషే. చల్లపల్లి మిల్లువాళ్ళ కారు: ఏటేటా పలచబడుతూ. ఆ డ్రైవరు కిరీటికి గొట్టం మసి గురించి తను ఎన్నిసార్లు అక్షింతలు వేశాడో! మంగినపూడి నుంచి చేపలు తెచ్చే కొండలమ్మ వ్యాను ఒక్కటే పదహారేళ్ళుగా ఒకే నలుపు, మొదటి రోజు ఎంతో మొన్నటి రోజూ అంతే. కొండలమ్మ ఎవరి కోసమూ ఏదీ తోమే రకం కాదు. చరిత్రగా నమ్మదగిన శాసనాలు ఆ గోడ మీద కొండలమ్మవి మాత్రమే అని నాగూర్‌కు అర్థమైంది.

మిగతావాళ్ళను అడిగి తెలుసుకోవచ్చు. ఫోను నంబర్లున్నాయి. నాగూర్ అడగలేదు.

"మాస్టారూ, బండిని కాస్త తొక్కండి. నెలకోసారి చల్లపల్లి దాకా వెళ్ళి రండి. అరవైలో."

"చల్లపల్లిలో నాకెవరూ లేరే!"

"లేకపోయినా వెళ్ళండి. మనుషుల కోసం కాదు, పిస్టన్ల కోసం."

మాస్టారు ఆలోచించి, అరవై అనే అంకె చాలా పెద్దదన్నారు. నలభై అయిదు దగ్గర రాజీ కుదిరింది.

ఆయన వెళ్ళాక నాగూర్ స్టూలు మీద కూర్చున్నాడు. ఇప్పుడు ఆయన చేతిలో ఒక మాట ఉంది. వేలు తప్పలేదు, గొట్టం అబద్ధమాడింది. ఏ కోర్టులో చెప్పినా నిలిచే మాట. సాక్షి కూడా మామూలువాడు కాదు, లెక్కల మాస్టారు. ఆ మాట అంటే గోడ మీది ఒప్పందం ఎక్కడిదక్కడే ఉంటుంది, షెడ్డు ఎక్కడిదక్కడే ఉంటుంది. ఆస్రా ఒకటో తారీఖున గుంటూరు వెళుతుంది. వెదురు బద్ద ఆయన మోకాలి మీద ఉంది. సన్నగా, సాపుగా.

ఆస్రా వచ్చింది. గ్యాస్కెట్ బల్ల మీద పెట్టి తండ్రిని చూసింది. ఆయన లేచి, చెవి వెనక పెన్సిలు తీసి, ఆమె రాసిన వాక్యం కింద "తప్పింది" అని రాసి తేదీ వేశాడు.

ఆస్రా చాలాసేపు దాన్ని చదివింది. ఒక్క మాటే ఉంది.

"గొట్టానికి సబ్బు వాసన వచ్చింది నాన్నా" అంది చివరికి. "గురువారమే అనుమానమొచ్చింది నాకు. మాస్టారు కడిగి ఉంటారు. వేలు తప్పేమీ లేదేమో."

"తెలుసు. ఇప్పుడే చెప్పి వెళ్ళారు."

"మరి?"

"బండి మలుపు తిరిగినప్పుడే నా చెవి చెప్పింది. కార్బన్ అని. నేనే వినలేదు." పెన్సిలు ఆమె చేతిలో పెట్టాడు. "వేలు మోసపోయిందమ్మా. తప్పింది నేను."

ఆస్రా పెన్సిలును ఏం చేయాలో తెలియనట్టు కాసేపు పట్టుకుని, తరవాత చెవి వెనక పెట్టుకుంది. గ్యాస్కెట్ విప్పి, "రండి, హెడ్డు ఎక్కిద్దాం. సుతారంగా పట్టుకోండి, నడుం జాగ్రత్త" అంది. మొదటి ఆజ్ఞ. నాగూర్ పాటించాడు.

సాయంత్రం అయిదింటికి తెల్ల కారు తాళం తిప్పితే ఒక్క మాటకు అందుకుంది. తాళం తీస్తే ఆ క్షణమే ఆగింది. ఆ నిశ్శబ్దం విని సందులో ఇద్దరు ముగ్గురు మేస్త్రీలు తలలు తిప్పారు.

ఆస్రాతో కలిసి ఇంటికి వెళ్ళేదారిలో నాగూర్ చెప్పబోయే మాటలు కూర్చుకున్నాడు. రాజ్యాలు చేతులు మారే సందర్భాల్లో ఏదో ఒకటి చెప్పడం ఆనవాయితీ. ముప్పై నాలుగేళ్ళ కష్టం, ఒక గోడ, ఒక వేలు. షహజాది నేల మీద కూర్చుని గోంగూర ఒలుస్తోంది. ఆయన కుర్చీలో కూర్చోలేదు. నిలబడే చెప్పాడు.

"ఇదిగో, వింటున్నావా? ఈ రోజుతో షెడ్డు ఆస్రాకు ఇచ్చేస్తున్నాను. గుంటూరు లేదు, ఏమీ లేదు. బోర్డు మీద పేరు కూడా మార్పిస్తా. నేను బాగా ఆలోచించే ఈ నిర్ణయం తీసుకున్నాను."

షహజాది తల ఎత్తి కూతురి చెవి వెనక ఉన్న పెన్సిలును చూసింది. మళ్ళీ గోంగూర వైపు వంగింది.

"మంచిది. నన్నెప్పుడు రమ్మంటారు?"

"ఎక్కడికి?"

"సంతకానికి."

"నీ సంతకం ఎందుకు?"

"కాగితం నా పేరు మీదుందిగా."

"ఎప్పటినుంచి?"

"మొదటినుంచీ. కాగితం రాసుకునే రోజు మీరు ఉయ్యూరులో లారీ కింద ఉన్నారు. ఓనరు గారు ఎవరో ఒకళ్ళు సంతకం పెట్టాలంటే నేను పెట్టాను. ఆ తరవాత తిరగరాసినప్పుడల్లా కూడా మీరు ఏదో ఒకదాని కిందే ఉన్నారు."

ఆస్రా లోపలికెళ్ళి ఇనప్పెట్టెలోంచి ప్లాస్టిక్ కవరు తెచ్చింది. మూడేళ్ళకొకటి చొప్పున పన్నెండు అద్దె పత్రాలున్నాయి. పన్నెండిటిలోనూ కిరాయిదారు షేక్ షహజాది. భర్త పేరు అన్నచోట నాగూర్ అని ఉంది.